కింగ్‌హార్న్ వెండి పెన్నీ

ఇష్బెల్ రింటౌల్ ముప్ఫై ఒక్క ఏళ్లు బడి వంటశాలలో పిల్లలకు కీమా, బంగాళాదుంపల ముద్ద వడ్డించింది. ఆ జీతంలో మిగిల్చిన ప్రతి పౌండూ స్కాట్లండ్ పాత నాణేలకే పోసింది. బంగారం జోలికి పోలేదు. అది కలిగినవాళ్ల ఆట. ఆమెకు కావలసింది వేలిగోరంత వెండి పెన్నీలు. అరిగి, అంచులు తెగి, మీద ఎవరి తల ఉందో కూడా తెలియనివి. వాటిని భూతద్దం కింద పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదవడమే ఆమెకు పండగ.

ఒక్క పెన్నీ మాత్రం నలభై ఏళ్లుగా చిక్కలేదు. పదమూడో శతాబ్దంలో, ఏడేళ్లకే గద్దెనెక్కిన స్కాట్లండ్ రాజు మూడో అలెగ్జాండర్ కాలంలో, ఆమె పుట్టి పెరిగిన కింగ్‌హార్న్‌లో కూడా కొన్నాళ్లు టంకశాల నడిచింది. విలమ్ అనేవాడు అక్కడ నాణేలు కొట్టేవాడు. ఇప్పుడు వాటిలో ఒకటి కంటపడడమే గగనం. తన ఊరి పేరున్న వెండి ముక్క ఒక్కటి చేతిలో పెట్టుకోవాలని ఆమె కోరిక.

జార్డీ హాక్స్టన్ నేల మీద పరిచే లినోలియం తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. భార్య పోయాక గోడలు చూస్తూ కూర్చున్నవాణ్ణి కిర్కాల్డీ నాణేల సంఘానికి లాక్కెళ్లింది ఇష్బెలే. నకిలీని పసిగట్టడం, వేలంలో ఎప్పుడు చేయి ఎత్తాలో ఎప్పుడు దించాలో, అన్నీ ఆమె నేర్పినవే. పన్నెండేళ్లుగా గురువారం గురువారం సంఘం మీటింగులో ఆమె కాల్చిన స్కోన్ రొట్టెలు తింటున్నాడు.

ఆ వసంతంలో ఎడిన్‌బరా వేలం కేటలాగ్ వచ్చింది. ఇష్బెల్ జార్డీని ఇంటికి పిలిచింది.

"ముందు తలుపు వెయ్యి."

"ఏంటి, ఎవరినన్నా చంపావా?"

"ఈ పెన్నీ ఫొటో చూడు. 'బాగా అరిగినది, ఏ టంకశాలో తెలియదు' అని రాశారు గుడ్డివాళ్లు. ఈ అక్షరం కె కాదూ? కింది కాలు విరిగింది, అంతే. కుంటి కె, అచ్చం నాలాగే. పక్కన ఐ ఉంది చూడు. జార్డీ, ఇది మన ఊరిదే!"

అతను చాలాసేపు భూతద్దంలోంచి తల ఎత్తలేదు. "అమ్మ నీ కళ్లో!" అన్నాడు చివరికి.

చిక్కేమిటంటే, సరిగ్గా వేలం రోజునే ఆమెకు తుంటి ఆపరేషన్. దానికోసం రెండేళ్లు ఎదురుచూసింది, వదులుకుంటే మళ్లీ ఎప్పుడో. పోనీ, పాట ఎంతవరకో ముందే రాసి పంపుదామంటే, ఆమె మనసు ఒప్పుకోలేదు.

"అరిగిన పెన్నీకి నేను దాచిన పద్నాలుగు వందల పౌండ్లూ రాసిస్తే, వాళ్లు మళ్లీ తీసి చూసి సంగతి పసిగట్టరూ?"

"నేను వెళ్తాలేవే. నువ్వు మత్తులోంచి లేచేసరికి నీ దిండు కింద పెడతా."

వేలం మర్నాడు జార్డీ ఆసుపత్రికి ద్రాక్షపళ్లతో వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"రైలు వంతెన దగ్గర ఆగిపోయింది, ఇష్బెల్. గంటన్నర. నేను చేరేసరికి మన పెన్నీ నంబరు అయిపోయింది. నూట పది పౌండ్లకు ఎవడో తన్నుకుపోయాడు. నీకు మొహం చూపించలేకపోతున్నా."

ఆమె అతని చేయి తట్టింది. "రైలు ఆగితే నువ్వేం చేస్తావు, దిగి తోస్తావా? పిచ్చివాడా!" అతను వెళ్లాకే ఏడ్చింది.

శరదృతువులో మరో కేటలాగ్ వచ్చింది. అరవై మూడో పేజీలో ఆ పెన్నీ, పేజీ సగం ఫొటోతో. "కింగ్‌హార్న్ టంకశాల. మిక్కిలి అరుదు. అమ్మేవారి మాటల్లో, 'కుంటి కె' దీని గుర్తు."

ఇష్బెల్ టీ చల్లారిపోయింది. ఆ మాట ఆమె ఒక్కడితోనే అంది.

వేలానికి ముందురోజు నాణేలు చూసుకోనిస్తారు. ఆమె చేతికర్రతో వెళ్లి ఆ పెన్నీ అడిగి తీసుకుంది. అరచేతిలో పెట్టుకుంటే బరువే లేదు. అంచు వెంట చదివింది: విలమ్, ఆ పక్కన తన ఊరి పేరులో సగం, కింగ్. ఎవరో దగ్గినట్టయి తలెత్తితే ఎదురుగా జార్డీ.

"రైలు ఆగిందన్నావు" అంది.

"ఆగింది. తర్వాత కదిలింది." అతను నేల చూశాడు. "నా సొంత డబ్బే పెట్టాను, ఇష్బెల్. నీది ముట్టుకోలేదు."

"నా కళ్లు ముట్టుకున్నావుగా."

"నీకు దొరికితే ఏం చేసేదానివి? సొరుగులో దాచేదానివి. నాకు ఇంటి కప్పు కారుతోంది."

"కప్పు కారుతోందని ఒక్క మాట అనకపోయావా? ఇది తెచ్చిచ్చి అడిగుంటే ఆ పద్నాలుగు వందలూ నీ చేతిలోనే పెట్టేదాన్ని. ద్రాక్షపళ్లు తెచ్చావురా నువ్వు! నేను నిన్ను ఓదార్చాను!"

"పోనీ, రేపు పాడుకోరాదూ? నువ్వు కొంటే నాకూ సంతోషమే."

డబ్బు ఆమె సంచిలోనే ఉంది. మర్నాడు తను ఎత్తే చేయి ఎవరి జేబు నింపుతుందో కూడా తెలుసు. పెన్నీని పళ్లెంలో పెట్టి, కాపలా ఉన్న అమ్మాయికి థాంక్స్ చెప్పి, స్టేషన్‌కు నడిచింది. అది రెండు వేల వంద పౌండ్లకు టెలిఫోన్‌లో పాడిన ఎవరికో పోయిందని తర్వాత తెలిసింది.

సంఘం అధ్యక్షుడు లమ్స్‌డెన్ గారికి జరిగినదంతా చెప్పింది. ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. "తప్పే, కాదనను. నేరం కాదుగా అమ్మా! ఇద్దరూ పాతవాళ్లు, ఓ కప్పు టీ తాగి సర్దుకోండి." వెనక ఎవరో "ముసలాడు భలే ఎత్తు వేశాడే!" అన్నారు. నలుగురు నవ్వారు. జార్డీ చేసింది ఒక దెబ్బయితే, ఆ నవ్వు ఇంకొకటి. ఆ నలుగురి నాణేలు కూడా ఆమె చదివిపెట్టినవే.

అయినా గురువారాలు మానలేదు. మానితే వెళ్లడానికి ఇంకో చోటేదీ? స్కోన్లు తేవడం మాత్రం మానేసింది. జార్డీ హీటర్ పక్కకు జరిగి కూర్చుంటున్నాడు. మొదట్లో తల ఊపేవాడు, తర్వాత అదీ లేదు.

చలికాలం చివర్లో మోరాగ్ అనే రిటైరైన నర్సు కొత్తగా చేరింది. ఒకరోజు కేటలాగ్ తెరిచి ఇష్బెల్ ముందు పెట్టింది.

"మీరు బాగా చదువుతారటగా. ఇందులో ఏమన్నా ఉందంటారా?"

ఇష్బెల్ వంగి చూసింది. రాజు తల వెనక, కేటలాగ్ రాసినవాళ్లెవరూ పట్టించుకోని, అరుదైన నాణెమని చెప్పే చిన్న నక్షత్రం ఆమెకు స్పష్టంగా కనిపించింది. నోటిదాకా వచ్చింది మాట.

"ఏం లేదమ్మా. ఉత్త అరిగిన పెన్నీ."

మోరాగ్ కేటలాగ్ మూసి, ఇద్దరికీ టీ తేవడానికి లేచింది.