మంజుల పేజీలో ఎర్ర చుక్కలు

నలభై పేజీల నోటుబుక్కుతో నా పరువును నేనే ఎలా గంగలో కలుపుకున్నానో చెబుతాను. గంగ దాకా ఎందుకు, సూరత్‌లో మాకు తాపీ నది ఉంది, అందులోనే కలిపాను.

అప్పుడు నేను గోడాదరాలో, తెలంగాణ నుంచి వలస వచ్చిన మరమగ్గాల కార్మికుల పిల్లలు చదివే ఒక చిన్న బడిలో కొత్త టీచర్ని. బీఎడ్ పాసయ్యానన్న పొగరు ఇంకా దిగలేదు. పిల్లల అల్లరిని కొలిచి చూపిస్తానని మా ప్రిన్సిపాల్ హేమాబెన్‌కు మాటిచ్చాను. పిల్లకో పేజీ. అరిచి మాట్లాడితే ఒక ఎర్ర చుక్క, పక్కవాళ్లను కొడితే ఇంకొకటి. ముప్ఫై దాటినవాళ్లకు డుమస్ సముద్రం ట్రిప్పు లేదు. రూలు నాదే, కింద సంతకమూ నాదే.

రెండు వారాలకే మూడో తరగతి మంజుల పేజీ తట్టు పోసినట్టయింది. యాభై మూడు చుక్కలు. ఎవరితో మాట్లాడాలన్నా ఆ పిల్ల ముందు భుజం మీద ఒక్కటి చరుస్తుంది, తర్వాత వీధి చివరికి వినపడేలా మాట్లాడుతుంది. నీకు ట్రిప్పు లేదనగానే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నేను సముద్రం ఎన్నడు సూడలే టీచర్," అంది, అదీ అరిచే. దానికీ ఒక చుక్క పెట్టాను. అంత నిక్కచ్చి మనిషిని.

మర్నాడు వాళ్ల నాన్న రాజన్నను పిలిపించాను. పిల్ల వచ్చి నా బల్ల పక్కనే నిలబడింది.

"మా బిడ్డ ఏం జేసింది మేడం?" అన్నాడు రాజన్న. ఆ గొంతుకు కిటికీ మీది పావురం ఎగిరిపోయింది.

"జర మెల్లగ మాట్లాడన్నా."

"మెల్లగనే మాట్లాడుతున్న గద. మేముండే ఖోలీ, గా ఒక్క అర్ర, కార్ఖానా మీదనే ఉంటది. మగ్గాల సప్పుడుకు పిలిస్తె ఎవలికి ఇనపడది. భుజం తట్టాలె, గట్టిగ చెప్పాలె. పోరికి గదే అలవాటైంది."

"అలవాటైతే మాన్పియ్యాలె గదన్నా," అని క్రమశిక్షణ మీద పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. రాజన్న ఓపికగా విన్నాడు.

"మేడం, మీ నాయినది గూడ మగ్గం పనేనా?"

"అవును, వడోద్‌ల. నీకెట్ల తెలుసు?"

"ఊకెనే అడిగిన," అని తల దించుకున్నాడు.

అంతలో హేమాబెన్ పరుగున వచ్చారు. ఆవిడ గదికీ మాకూ మధ్య మూడు తరగతులున్నాయి. "ఎవరు కొట్టుకుంటున్నారిక్కడ?" అని హిందీలో అడిగారు.

నేను లేచి వెళ్లి, ఆవిడ భుజం మీద ఒక్కటి చరిచి, "ఎవరూ కొట్టుకోవట్లేదు బెన్, మెల్లగా మాట్లాడటం నేర్పుతున్నాను," అన్నాను.

మంజుల నా నోటుబుక్కు చివరి పేజీలో, నా ఎర్ర పెన్నుతోనే ఏదో రాసుకుంటోంది.

"టీచర్‌కి ముప్పై రెండు," అంది. "ఇప్పటి దెబ్బతోని ముప్పై మూడు."

హేమాబెన్ భుజం రుద్దుకుంటూ రూలు చదివారు, సంతకం చూశారు. మంజుల చుక్కలన్నీ కొట్టేశారు. నావి మాత్రం ఉంచారు.

పిల్లలంతా డుమస్ వెళ్లారు. నేను బడికి కాపలా ఉన్నాను. సాయంత్రం మంజుల టమాటా భజియా పొట్లంతో వచ్చి, గేటు దగ్గర్నుంచే అడిగింది, "టీచర్, సముద్రం మస్తు లొల్లి జేస్తది. దానికెన్ని చుక్కలు?"

రెండో అంతస్తులో ఉన్న నాకు ప్రతి అక్షరం వినిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇక జన్మలో ఏ పిల్ల గొంతునూ కొలవనని అక్కడే, ఆ కిటికీలోనే నిలబడి ఒట్టు పెట్టుకున్నాను. మనసులోనే పెట్టుకున్నాననుకున్నాను గానీ, ఊరి ఆ చివర వడోద్‌లో ఉన్న మా అమ్మకు వినపడిందట.