గుడ్డ కట్టిన గంట

అక్క పోయిందని కడప నుంచి ఆమె కోడలు ఫోన్ చేసింది. నా నోట వచ్చిన మొదటి మాట, "ఏమన్నా బాధపడిందా తల్లీ?" అని. "లేదు పిన్నీ, అన్నం తిని పడుకునింది. సాయంత్రం టీకి లేపితే లేవలా" అంది. అమ్మయ్య అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. ఎన్నో ఏళ్లు పరాయి వంటింట్లో నిలబడి పనిచేసిన మనిషి, చివరికి తన మంచం మీద, ఎవరి పిలుపుకూ లేవాల్సిన పని లేకుండా వెళ్లిపోయింది. అంతకంటే ఏం కావాలి?

అక్క అంటే తోబుట్టువు కాదు. తొంభైల మొదట్లో మస్కట్‌లో, అల్ ఖువైర్‌లో మేమున్న బిల్డింగులోనే పై అంతస్తులో ఒక జపాన్ ఇంజనీరు ఇంట్లో వంట చేసేది. మా ఆయన ఒక కంపెనీలో క్లర్కు. మాది కరీంనగర్ వైపు. ఒకరోజు లిఫ్టులో నా చేతిలో కరివేపాకు చూసి "యాడ దొరికిందమ్మే?" అని సగం లాక్కుంది. ఆ రోజు నుంచి ఆమె నాకు అక్క, మా పాపకు పెద్దమ్మ.

పాపకు అప్పుడు ఐదేళ్లు. మాటలు తక్కువ. పిలిస్తే మొహంలోకి చూడదు. గుమ్మం దగ్గర చెప్పులు వరసగా పేర్చుకుంటుంది, ఒకటి కదిలితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తుంది. అన్నిటికంటే గంట చప్పుడు అసలు పడదు. ఇప్పుడైతే డాక్టర్లు దీనికొక పేరు చెబుతున్నారు. అప్పుడు మాకు తెలిసిన పేరు ఒక్కటే, దిష్టి. శుక్రవారం సెలవు కాబట్టి తెలుగువాళ్లం వంతులేసుకుని ఒక్కో వారం ఒక్కో ఇంట్లో పూజ పెట్టుకునేవాళ్లం. హారతి గంట మోగగానే పాప చెవులు మూసుకుని కేకలు పెట్టేది. "గంటకు దిష్టి వదుల్తోంది, ఇంకా గట్టిగా కొట్టండి" అనేవాళ్లు. పాప చెవి దగ్గరికి తెచ్చి మరీ కొట్టేవాళ్లు, పాపం మంచికే అనుకుని!

రానురాను మమ్మల్ని పిలవడం తగ్గించారు. కింది ఫ్లాటువాళ్లు అరుపుల గురించి ఓనరుకు చెప్పారు. మా ఆయన ఒకరోజు బీరువా మీది సూట్‌కేసు దించి హాల్లో పెట్టాడు.

"శ్రావణ శుక్రవారం పూజ మనింట్లనే గదా. అది అయినంక నువ్వు, పాప ఊరికి పోండి. నేనీడ ఒక్కన్నే ఉంట. నలుగుర్ల ఇట్ల తలదించుకునుడు ఇగ నాతోని కాదు" అన్నాడు.

చెడ్డవాడు కాడు, విసిగిపోయాడు. ఊళ్లో పాపను ఏమని పిలుస్తారో నాకు తెలుసు. నాన్న లేని ఇంట్లో ఆ పేరు మోస్తూ పెరుగుతుందని తలుచుకుంటే అన్నం సయించేది కాదు.

అక్కకు చెప్పి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. "రేపు మధ్యాన్నం బిడ్డను తీసుకోని పైకి రా. మా మేడమ్‌ని అడిగినాలే" అంది. వెళితే, వాళ్ల టీవీలో క్యాసెట్ పెట్టింది. జపాన్ నుంచి మేడమ్ తెప్పించుకున్న సీరియల్. ఒక చిన్న ఊళ్లో ఒక కుర్రాడు. ఎవరి కళ్లలోకీ చూడడు, టీ కొట్టులో రోజూ అదే కుర్చీ కావాలి. తలుపు తీస్తే మోగే చిన్న గంటకు చెవులు మూసుకుని బయటికి పరిగెత్తుతాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా అక్క పక్కన కూర్చుని అందరి మాటలూ కడప తెలుగులో చెప్పేసింది.

"ఇదో, ఈ ముసిలాయన ఏమంటాండాడంటే, పోనీలే నాయనా, నువ్వు రావాలగానీ గంటదేముండాది అంటాండాడు."

"నీకు జపాన్ భాష ఎప్పుడొచ్చిందే అక్కా?"

"వంట అయిందా అనేదొకటి వచ్చు. మిగిలింది మొగాలు సూస్తే తెలీదా? గమ్మునుండు, సూడనీ."

ఆ ముసలాయన గంట నాలుకకు గుడ్డ చుట్టాడు. మర్నాడు కుర్రాడు తలుపు తోసుకుని లోపలికొచ్చి కూర్చున్నాడు. అంతే, ఎవరూ ఉపన్యాసాలు ఇవ్వలేదు. మా పాప టీవీ దగ్గరికి వెళ్లి తెర మీద ఆ కుర్రాడి చేతులను తాకింది. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఎక్కడో ఏడు సముద్రాల అవతల కూడా ఇలాంటి బిడ్డ ఉన్నాడు, వాడికోసం కథ రాసిన వాళ్లూ ఉన్నారు! ఆ సంతోషం ఎలా చెప్పను?

శ్రావణ శుక్రవారం వచ్చింది. మా పూజలన్నిటికీ తిరిగే గంట అక్కదే. కడప నుంచి ట్రంకు పెట్టెలో తెచ్చుకున్న ఇత్తడి గంట. హారతి పళ్లెం లేవగానే పాప పడకగదిలోకి పరుగెత్తింది. అక్క తన పాత పసుపు చీర నుంచి చించిన పీలిక తీసి, అందరూ చూస్తుండగా గంట నాలుకకు చుట్టి ముడేసింది.

"గంట కొట్టకుండా హారతేంటండీ, అరిష్టం కాదూ!" అంది మాలో పెద్దావిడ.

"అమ్మోరికేమన్నా చెవుడా వదినా? బిడ్డను మార్చాలంటే మనతో అయ్యేదేనా? గంటకు గుడ్డ కట్టేదానికి ఎంతసేపు?"

ఒకావిడ చెప్పులేసుకుని వెళ్లిపోయింది. మిగతావాళ్లం పాట అందుకున్నాం. అక్క చప్పుడు లేని గంటను ఊపుతూనే ఉంది. సగం పాటలో పాప గుమ్మం దగ్గరికొచ్చింది. ఇంకాసేపటికి నా పక్కకొచ్చి, మంట మీద చేతులు చాపి కళ్లకద్దుకుంది. మా ఆయన అప్పటిదాకా గోడకానుకుని నిల్చున్నాడు. గబగబా బాల్కనీలోకి వెళ్లిపోయాడు. తిరిగొచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి. మర్నాడు సూట్‌కేసు మళ్లీ బీరువా మీదికెక్కింది.

పాప ఏమీ మారిపోలేదు. అరుపులూ ఉన్నాయి, చెప్పుల వరసలూ ఉన్నాయి. కానీ "ఈ వారం మా ఇంట్లో, ఆ గుడ్డ గంట తెస్తావుగా?" అని వాళ్లే అక్కను అడగడం మొదలుపెట్టారు. ఎవరైనా పాపను చూసి అయ్యో అంటే అక్క ఊరుకునేది కాదు. "ఊరందరికీ ఒకే కొలతకు చెప్పులు కుట్టిస్తామా?" అని గసిరేది.

తర్వాత ఎవరి ఊళ్లకు వాళ్లం వచ్చేశాం. పెద్దకర్మకు పాపను తీసుకుని కడప వెళ్లాం. ఇప్పుడు పెద్దదైంది, మాతోనే ఉంటుంది, నర్సరీలో మొక్కల పని చేస్తుంది. ఆ రోజు జనాన్ని చూసి వాకిట్లోనే ఆగి, చెప్పులు వరస పెట్టసాగింది. కోడలు దేవుడి గూట్లోంచి ఇత్తడి గంట తెచ్చి నా చేతిలో పెట్టింది. నాలుకకు ఇంకా పసుపు పీలిక. మాసి మట్టిరంగుకొచ్చింది.

"ఎన్నిసార్లు విప్పబోయినా మా అత్త ఒప్పుకోలేదు పిన్నీ. నా బిడ్డ వస్తే ఎట్ల అనేది."

ఫొటో ముందు కర్పూరం వెలిగించారు. పాప ఎప్పుడొచ్చిందో, నా చేతిలోంచి గంట తీసుకుంది. ముడి గట్టిగా ఉందో లేదో వేలితో నొక్కి చూసింది. "పెద్దమ్మ కట్టింది" అంది. అంతమంది మధ్యలో నిలబడి, కర్పూరం కొండెక్కేదాకా ఆ చప్పుడు లేని గంటను ఊపుతూనే ఉంది.