బియ్యం కడిగిన నీళ్ళు

ఫిల్మ్‌నగర్ గుట్ట వాలులో నర్సరీ పెట్టిన కొత్తలో నీళ్ళకే చచ్చేవాళ్ళం. బోరు అడుగంటేది, ట్యాంకరువాడు ఫోనెత్తేవాడు కాదు. నాతో పనిచేసే ఆడవాళ్ళందరూ కింద బస్తీ నుంచి వచ్చేవారు. వాళ్ళ మగవాళ్ళు షూటింగుల్లో లైట్లు మోసేవారు, సెట్లకు మేకులు కొట్టేవారు. అప్పుడు నేనే ఒక పద్ధతి పెట్టాను. పొద్దున వచ్చేటప్పుడు ప్రతి ఒక్కరూ ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు డబ్బాలో తేవాలి, ఎవరి వరస కుండీలకు వాళ్ళే పోసుకోవాలి.

నీళ్ళ కోసం పెట్టిన ఆ పద్ధతే మమ్మల్ని ఒకే ఇంటి మనుషుల్లా చేసింది. డబ్బాలు దించుతూనే "ఇవాళ ఏం కూరే?" అని మొదలయ్యేది. క్రిస్మస్‌కు నేను కేకు పంచేదాన్ని, బతుకమ్మకు వాళ్ళు సద్దులు తెచ్చేవారు. జూబ్లీహిల్స్ మేడల మీద తోటపని కూడా మాకే వచ్చేది. ఆ మేడలవాళ్ళకు మా ముఖాలు గుర్తుండేవి కావు. పోనీలే, మాకు మేం ఉన్నాం అనుకునేదాన్ని.

తర్వాత షూటింగులు ఆగిపోయాయి. ఒక రోజు, రెండు రోజులు కాదు, నెలలు. బస్తీలో మగవాళ్ళు అరుగుల మీద ఊరికే కూర్చునేవారు. డబ్బాలు మాత్రం తెల్లగా, నిండుగా వస్తూనే ఉన్నాయి. అవి చూసి నేను నిశ్చింతగా ఉన్నాను.

ఆ రోజుల్లోనే ఒక వరస మందారాలు పాలిపోయి ఆకులు రాల్చడం మొదలుపెట్టాయి. ఆ వరస పాలమూరు నుంచి వచ్చినామెది. మాలో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషి. వేపపిండి వేశాం, మందు కొట్టాం, లాభం లేదు. ఎవరో కావాలని ఏదో పోస్తున్నారని గోల లేచింది. రాజమండ్రి ఆవిడకు మాలో నోరెక్కువ. "ఎవత్తో కళ్ళల్లో నిప్పులు పోసుకుంటోంది, దాని చేతులు పడిపోను!" అని తిట్టిపోసింది. నాకూ ఒళ్ళు మండుతోంది, ఆ మందారాలు ఒక మేడకు ఇస్తానని మాటిచ్చినవి.

ఒక పొద్దున కూర్చుని కుండీలో మట్టి గీకాను. పైన తెల్లగా పెచ్చు కట్టి ఉంది. పాలమూరు ఆమె అప్పుడే డబ్బా దించింది. అడుగుకంటా చెయ్యి పెట్టి తీశాను. వేళ్ళ మధ్య గరగరలాడింది. ముగ్గుపిండి!

"మతుండే చేశావటే?" అని అందరి ముందూ అరిచాను.

ఆమె తలెత్తలేదు. "బియ్యం ఒడిసి శాన దినాలైందక్కా. డబ్బా లేకుంట వస్తే అందరికి ఎరుకైతది గద. అందుకే జర ముగ్గుపిండి కలిపిన. మొక్కలకు గిట్లైతదని నాకేం ఎరుక?"

"నాతో చెప్పచ్చు కదే!"

"ఏమని చెప్పాలె? రోజు ఏం కూరనే అడుగుతిరి. ఏదో ఒకటి చెప్పిన."

నిన్ననే గోంగూర పప్పు అని చెప్పింది. పులుపు బాగా కుదిరిందని కూడా అంది. అయ్యో, నేనేమో ఎలా వండావని అడిగి మరీ చెప్పించుకున్నాను. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నా టిఫిన్ డబ్బా ఆమె చేతిలో పెడితే మూత తీయకుండా సంచిలో దాచుకుంది, పిల్లలకట.

"రేపట్నుంచి ఎవరూ నీళ్ళు తేవద్దు" అన్నాను. ఆమె కుండీల దగ్గర కూర్చుని పెచ్చులు గీకడం మొదలుపెట్టాను. ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చున్నారు. రాజమండ్రి ఆవిడ మాత్రం రాలేదు.

"ఇంకా కోపమేనా? పాపం, రావే" అని వెనక్కి తిరిగాను.

ఆవిడ తన వరసలో మాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. అవి కాగితంపూల మొక్కలు, ఏం పోసినా చావవు. అందుకే వాటి వంక ఎవరం చూడలేదు. కుండీ తర్వాత కుండీ గీకుతోంది. కాళ్ళ దగ్గర తెల్లటి పెచ్చులు కుప్ప పడుతున్నాయి.