పోచమ్మ పేరు మీద వదిలిన బొచ్చె

కిందటేడు ఎండాకాలం. నారాయణఖేడ్‌లో చేపల శాఖ ఫీల్డ్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. కల్హేర్ వైపు ఒక చెరువులో చేపల వేట మొదలయ్యే ముందు మత్స్య సంఘం వాళ్లతో మాట్లాడి రావడానికి వెళ్లాను. మాటలయ్యాక స్కూటీ తీస్తుంటే ఆ ఊరి అంజమ్మ వెనకాలే వచ్చింది. అటూ ఇటూ చూసి మెల్లగా అడిగింది.

“మేడం, చేప సావకుంట ఏమన్న మందుంటదా?”

ఆ చెరువు మీద వాళ్లకో ఆనవాయితీ ఉంది. వేటకు ముందు ఒక పెద్ద చేపను పట్టి, బోరంచ గుడిలోని నల్లపోచమ్మ పేరు మీద మళ్లీ చెరువులోనే వదులుతారు. ఆ పని అంజమ్మ పెనిమిటి సాయిలు ఇంటివాళ్లది. మొక్కు చేపను వదిలిన ఇంటివాళ్లే వేటకు మొదటి వల వేస్తారు. అంతకుముందు ఏడాది సాయిలు వదిలిన బొచ్చె చేప మర్నాటికల్లా చచ్చి కట్టకు కొట్టుకొచ్చింది. అమ్మవారే వద్దన్నదని ఊరంతా గుసగుసలు. ఈసారీ అలాగే అయితే మొదటి వల ఇంకో ఇంటికి పోతుందని సంఘం పెద్ద మొగులయ్య తేల్చి చెప్పేశాడు. అప్పట్నించీ సాయిలుకు అన్నం సయించడం లేదట.

సంఘం వాళ్ల దగ్గరికే తిరిగి వెళ్లి, కిందటిసారి ఎలా వదిలారో చెప్పమన్నాను. సాయిలు భక్తిగా అంతా చెప్పాడు. చేపను కట్ట మీదికి తెచ్చి, తడి ఒంటికి పసుపు అంటదని కొత్త తువ్వాలతో శుభ్రంగా తుడిచారు. పసుపు రాసి, బొట్టు పెట్టి, దండ వేశారు. ఇంటింటివాళ్లూ వచ్చి తాకి మొక్కారు. అదంతా అయ్యాక కట్ట మీంచి నీళ్లలోకి విసిరారు. వింటుంటే నాకే ఊపిరాడలేదు.

చేప ఒంటి మీది జిగురును మేం స్లైమ్ అంటాం. రోగాలు అంటకుండా కాపాడేది అదే. పొడిబట్టతో తుడిస్తే ఊడిపోతుంది. బయటికి తీస్తే మొప్పలు అతుక్కుపోయి ఊపిరి అందదు. పైగా బొచ్చె మహా సున్నితం. వలలో కొట్టుకునేటప్పుడే సగం నీరసపడిపోతుంది. ఆ స్థితిని స్ట్రెస్ అంటాం.

మందేమీ అక్కర్లేదు, నీళ్లలోంచి తీయకుండా వదిలితే చాలన్నాను. మొగులయ్యకు నచ్చలేదు. పసుపూ బొట్టూ లేకుండా మొక్కు ఎట్లా తీరుతుందన్నాడు. నాలుగు పుస్తకాలు చదివి దేవుడి పనుల్లో వేలు పెట్టొద్దన్నాడు. నాకూ చిర్రెత్తుకొచ్చి ఏదో అనబోయాను. అంతలో అంజమ్మే అందుకుంది.

“ఇడుస్తమని మొక్కినం గానీ బొట్టు పెడ్తమని మొక్కినమా, మామా? అమ్మకు బతికున్న చేప గావాలె.”

చివరికి మొగులయ్య పసుపూ బొట్టూ హాపా గుంజలకు పెట్టడానికి ఒప్పుకున్నాడు. హాపా అంటే నీళ్లలో నాలుగు గుంజలకు కట్టే తొట్టిలాంటి వల. అందులో ఉన్నా చేప చెరువు నీళ్లలో ఉన్నట్టే.

అనుకున్న రోజు ఎండెక్కకముందే చేపను పట్టారు. మంచి బొచ్చె పడింది. పైకెత్తకుండా నీళ్లలోంచే హాపాలోకి మళ్లించారు. అందరూ కట్ట మీంచే మొక్కారు. తీరా హాపా ఒక పక్క దించితే చేప కదల్లేదు. పక్కకు ఒరిగిపోయింది.

అమ్మ మళ్లీ వద్దన్నదని కట్ట మీద ఎవరో అననే అన్నారు. హాపా పక్కన నీళ్లలో ఉన్న సాయిలు నా వైపు చూశాడు. ఇది చస్తే సాయిలు పరువుతోపాటు నా మాటా గంగలో కలిసినట్టే. చుడీదార్ సంగతి మరిచిపోయి నీళ్లలోకి దిగాను. సాయిలును ఒక చెయ్యి పొట్ట కింద, ఒక చెయ్యి తోక మొదట్లో పెట్టి, చేపను ఒరగకుండా పట్టుకోమన్నాను. గట్టిగా నొక్కొద్దని, మొప్పల్లో వేళ్లు పెట్టొద్దని చెప్పాను.

“ఇడువాల్నా మేడం?” అన్నాడు సాయిలు.

“నువ్వు ఇడువకు. అదే పోతది.”

ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. మొప్పల కదలిక మెల్లగా కుదురుకుంది. చేప తనంతట తనే నిలబడింది. ఉన్నట్టుండి తోకతో సాయిలు మొహం మీద నీళ్లు కొట్టి లోతుకు వెళ్లిపోయింది. అంజమ్మ కట్ట మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నాకు సగం ప్రాణమే కుదుటపడింది. అలసిన చేప మర్నాడైనా చావచ్చు.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి మొగులయ్య కట్టంతా తిరిగి చూసి వస్తున్నాడు. ఎక్కడా చేప తేలలేదు. నేరుగా సాయిలు దగ్గరికి వెళ్లి, వల తీసి అతని భుజం మీద వేశాడు.

“ఏంది రా, చూస్తున్నవ్? ఎయ్యి. ఎండెక్కుతుంది.”

సాయిలు కండువాతో కళ్లు తుడుచుకుని నీళ్లలోకి దిగాడు. నాకు మిగతా సగం ప్రాణం అప్పుడు వచ్చింది.

ఈ ఉద్యోగంలో అది చేయకండి, ఇది చేయకండి అని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టడమే గానీ వినేవాళ్లు తక్కువ. ఇప్పుడు ఏ చెరువుకు వెళ్లినా, ముందు వాళ్లేం మొక్కుకున్నారో అడుగుతాను. మొక్కిన చేప బతకాలని నాకంటే ఎక్కువ కోరుకునేవాళ్లు వాళ్లే.