పక్క చేనులో పట్టుపురుగులు

ఈ ఉదయం గుడుపల్లెలో ఒక రైతు నానబెట్టిన వేపపిండి మూటను పిండుతుంటే ఆ చేదు వాసన గొంతుదాకా దిగింది. వెంటనే మునెమ్మక్క గుర్తొచ్చింది.

కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, వ్యవసాయ శాఖలో ఉద్యోగం తెచ్చుకుని, పుంగనూరు దగ్గరి ఒక పల్లెలో నేను మొదట చేరాను. మునెమ్మక్క అక్కడ ఒంటరిగా టమోటా పండించేది. వేపగింజలు దంచి, నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బు కలిపి చేనుకు కొట్టేది. అది నేను చదువుకున్న పద్ధతే. కానీ కొట్టిన రెండో రోజు కూడా పచ్చపురుగులు పాకుతూ కనిపిస్తే, మందు పనిచెయ్యలేదని చెప్పేశాను. ఆమె నన్ను ఒక మొక్క పక్కన కూర్చోబెట్టింది.

"సచ్చిందా అని సూడొద్దమ్మా. తింటాండాదా, అది సూడు."

గంటసేపు చూశాను. పురుగు ఆకు అంచుదాకా వెళ్లింది, ఆగింది, నోరు పెట్టకుండానే వెనక్కి తిరిగింది. చుట్టూ అంత పచ్చని మేత ఉండగా అది ఆకలి మరిచిపోయింది. ఇన్నేళ్ల చదువులో నేను ఒక పురుగును గంటసేపు చూసింది అదే మొదలు.

తర్వాతి పంటకు పురుగు విరుచుకుపడింది. కాయలోకి దూరితే ఇక ఏ కషాయమూ దానికి అందదు. ఆ సాయంత్రం వేపమందు ట్యాంకు వీపున వేసుకున్న మునెమ్మక్క గట్టు మీద ఆగిపోయింది. గాలి పక్క చేను రైతు కృష్ణప్ప మల్బరీ తోట వైపు వీస్తోంది. ఆ ఆకే తినే ఆయన పట్టుపురుగులు గూళ్లు కట్టేముందు చివరి మేతలో ఉన్నాయి. వేపే కదా, ఏమవుతుందని అన్నాను.

"అవీ పురుగులే గదమ్మా. యాది నాదో, యాది కృష్ణప్పదో మందుకు తెలస్తాదా? మనకు తెలవాల."

ట్యాంకు దించేసింది. గాలి ఐదు రోజులు అటే వీచింది. ఐదు రోజులూ నడుము వంచి చేత్తోనే పురుగులు ఏరింది. నేనూ ఏరాను. అయినా సగం సాళ్లలో కాయలను పురుగు తొలిచేసింది. మిగిలినవే మదనపల్లె మార్కెట్టుకు వెళ్లాయి. మందు కొట్టకుండా చేను పాడుచేసుకున్నావని కృష్ణప్పే ఆమెను మందలించాడు. ఆమె తలూపింది. నేను నోరు తెరవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ వారమే ఆయన ఇంట్లో పురుగులన్నీ గూళ్లు కట్టాయి.

ఇప్పుడు కుప్పం చుట్టుపక్కల రైతులకు కషాయాలు నేర్పడమే నా పని. పాళ్లు చెప్పేముందు ఎవరినైనా ఒకటే అడుగుతాను. మీ పక్క చేనులో ఏముందప్పా, అని.