పడమటి గది చెమ్మ

రెండు వేల సంవత్సరం దాటాక మేము మదనపల్లెలో అద్దె ఇంటికి మారాము. మొదటి వానాకాలానికే బీరువా వెనక గోడకు నల్ల బూజు పట్టింది. ఇంటి ఓనరు వచ్చి చూసి, రంగు కొట్టిస్తే పోతుందన్నాడు.

"రంగు కింద బూజు బతికే ఉంటాదప్పా. నీళ్లు యాడినుంచి వస్తాండాయో ముందు సూడు," అన్నాను.

"ఏమ్మా, అంగళ్లు ఊరి కాలేజీలో ఇంజనీరింగు సదివినావా?" అని నవ్వాడు.

నేను నవ్వలేదు. గోడ అవతల బాత్రూము పైపు కారుతుంటే తీసుకుపోయి చూపించాను. పైపు మార్పించాడు. రంగు మాత్రం ఎండాకాలం పోయేదాకా వేయనివ్వలేదు. చెమ్మ గోడ దగ్గర నేను ఎవరి మాటా వినను. ఎందుకో చెబుతాను.

మా అత్తగారిది పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో ఒక పల్లె. రాతి గోడలు, మట్టి మిద్దె. నడిమింటికి అటొక గది, ఇటొక గది. తూర్పు గదికి రెండు కిటికీలు. పొద్దుటి ఎండ నేల మీద పడేది. పడమటి గదికి ఉన్నది ఒకటే కిటికీ. వాన కొడితే ఆ గోడ నీళ్లు తాగేది. మా అత్తకు దమ్ము జబ్బు. చల్లగాలి తగిలితే ఊపిరి ఆడక కూర్చునే నిద్రపోయేది. అందుకని మామ ఉన్న రోజుల నుంచీ తూర్పు గది ఆమెదే.

తొంభైల్లో మేము బోరు వేసి మల్బరీ పెట్టాము. తూర్పు గది పట్టుపురుగులకు పోయింది. అత్తను ఎవరూ పొమ్మనలేదు. ఆమే మంచం పడమటి గదికి ఎత్తించుకుంది.

"పురుగు బతికితే ఇల్లు బతుకుతాది. నాదేముంది, యాడైనా పడుకుంటా," అంది.

గదిలో చెమ్మ ఉంటే పురుగుకు సున్నపుకట్టు రోగం వస్తుంది. అదీ ఒక రకం బూజే. పురుగు బిగుసుకుపోయి సుద్దముక్కలా తెల్లబడుతుంది. ఒక తట్టలో కనిపించిందంటే పంట మీద ఆశ వదులుకోవలసిందే. అందుకని ఆ గదికి మేము చేసిన సేవ ఇంతా అంతా కాదు. తడి కాళ్లతో గడప దాటేవాళ్లం కాదు. వాన పడితే ఆకును చీరల మీద పరిచి ఆరబెట్టేవాళ్లం. పురుగు పొర విడిచే ముందు మేత మాని కదలకుండా పడి ఉంటుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. జ్వరం వేళ తట్టల్లో పొడి సున్నం చల్లేవాళ్లం. చలికి కుంపటి పెట్టేవాళ్లం. మా ఇంట్లో బాలింతకు కూడా ఇంత జాగ్రత్త జరగలేదు. ఇద్దరిని కన్నదాన్ని, నాకు తెలుసు.

పడమటి గదిలో గోడకు నడుము ఎత్తు దాకా చెమ్మ. చాప తిరగేస్తే పచ్చగా బూజు. బియ్యం మూట ముక్క వాసన. అత్త చీరలు పెట్టెలోంచి తీస్తే మడతల్లో నల్ల చుక్కలు, ఎంత ఉతికినా పోయేవి కావు. మా ఆయన గోడకు లోపలివైపు సిమెంటు పూయించాడు. కొన్నాళ్లు బాగుంది. తర్వాత చెమ్మ ఇంకా పైకి ఎగబాకింది. రాళ్ల మధ్య మట్టి పెట్టి కట్టిన గోడకు సిమెంటు కప్పితే లోపలి నీళ్లకు బయటపడే దారి ఉండదు. పూత పెళ్లలుగా లేచి మంచం మీద రాలేది.

ఆ రోజుల్లోనే మా ఊళ్లో పెద్దవాళ్లకు రాత్రి బడి పెట్టారు. నలభై దాటినాక నేను అక్షరాలు దిద్దుకున్నాను. మొదటి పేజీ నుంచి చివరిదాకా నేను చదివిన మొదటి పుస్తకం పట్టు ఆఫీసువాళ్లు ఇచ్చినది. పురుగుల గది ఎట్లా ఉండాలో అందులో రాశారు. కూడబలుక్కుంటూ అత్తకు వినిపించేదాన్ని. ఎదురెదురు కిటికీలు ఉండాలి, గాలి ఆడాలి, నేలా గోడలూ పొడిగా ఉండాలి.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. "బాగుండాది. అత్తల గదికి పుస్తకం అచ్చెయ్యలేదా వాళ్లు?"

"వేస్తే కొనేవాళ్లు ఉండొద్దా అత్తా?"

ఇద్దరం నవ్వాము. ఆమె నవ్వు మళ్లీ దగ్గులోకి దిగింది.

పుస్తకంలో పురుగులకు చెప్పిందంతా ఆమె గదికి చేశాను. గడ్డపార తీసుకుని సిమెంటు ఊడగొట్టాను. సున్నం కొట్టాను. మంచాన్ని గోడకు మూరెడు ఎడంగా లాగి, మంచం కోళ్ల కింద రాళ్లు పెట్టాను. బియ్యం మూటను చెక్క మీదికి ఎక్కించాను. ఎండ కాసినప్పుడల్లా కిటికీ తెరిచాను. కుంపటి కూడా పెట్టి చూశాను. పొగకు ఆమె కళ్లు తేలేస్తే తీసి పారేశాను. ఇంత చేసినా, తుడిచిన చోటనే బూజు మళ్లీ లేచేది.

అప్పుడు గోడ వెనక్కు పోయి చూశాను. పంట అయిపోగానే పురుగుల తట్టలు బ్లీచింగ్ నీళ్లతో కడిగే బండ ఆ గోడ మొదట్లోనే ఉంది. కడిగిన నీళ్లన్నీ పునాదిలోకి దిగుతున్నాయి. వాన ఒక్కటే కాదు, మేమూ పోస్తున్నాము.

మా ఆయనతో ఒక పంటకు చెప్పి చూసి, తర్వాతి పంటకు మళ్లీ చెప్పాను. "ఆ బండను పెరడు చివరికి జరపాల."

"ఇప్పుడా? పురుగులు మూడో జ్వరంలో ఉండాయి. ఈ పంట కానీ."

"పోయిన పంటకూ ఇదే మాట."

"యాల అరుస్తావు? ఆమె నాకు అమ్మ కాదా?"

"పురుగులు బిడ్డలైపోయినాయి కదా, ఇంక అమ్మ యాడ గుర్తొస్తాది?"

ఆయన చేనికి పోయాడు. మరునాడు పొద్దున్నే గడ్డపార వేసి ఒక్కడే ఆ బండను దొర్లించుకుపోయాడు. చేతులు కొట్టుకుపోయాయి. నేను పసుపు రాస్తే చేతులు చాపాడు గానీ నా ముఖం చూడలేదు.

బండ పోయింది. కానీ తాగిన నీళ్లను గోడ వదలాలంటే ఎండలు కాయాలి. అప్పటికి కార్తీకం. తుపాను ముసురు పట్టింది. అత్తకు ఆయాసం ముదిరింది. పుంగనూరు డాక్టరు సూది వేసి, ఈ వానలు పోయేదాకా ఆమెను పొడిగా ఉండే చోట పెట్టండి అన్నాడు.

మా ఇంట్లో పొడిగా ఉండేది ఒక్కటే గది. పురుగులు ఇంకొక్క జ్వరం దాటితే గూడు కట్టేవే. ఈ తడిలో తట్టలు నడిమింట్లోకి తెస్తే సున్నపుకట్టు రావడం ఖాయం. అయినా నేను తెద్దామన్నాను. మా ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. అడ్డం పడింది అత్తే.

"ఇంటిల్లిపాదీ ఆకు మోసినారు. నా ఊపిరి కోసం పంట పారేసుకుంటారా? నా మంచం ముట్టుకుంటే సూడు!"

మా పుట్టిల్లు కుప్పం. మా తమ్ముడిది కొత్త ఇల్లు, గాలి వెలుతురు ఉన్న ఇల్లు. అక్కడికి తీసుకుపోతానన్నాను. దానికి ఇంకా మండిపడింది.

"కోడలి పుట్టింట్లో పోయి పడుకుంటే నలుగురూ ఏమంటారు? కొడుకు కూడు పెట్టలేదంటారు."

"అననీ అత్తా. వాళ్లేమైనా నీకు ఊపిరి పోస్తారా?"

"నీ నోటికి గంజి పొయ్య," అంది. చాలాసేపు ఊపిరి కూడదీసుకుని, "సరే. పురుగులు గూడు కట్టినాక పోదాం. అంతవరకు ఆ మాట ఎత్తొద్దు," అంది.

నేను తమ్ముడికి కబురు పెట్టాను. ఆమె మంచి చీరలు రెండు పొయ్యి పక్కన ఆరబెట్టి మూట కట్టాను.

పురుగులు గూళ్లు కట్టాయి. మేము పెంచిన వాటన్నిటిలో అదే మంచి పంట. ఒక్క తట్టలో కూడా తెల్ల పురుగు లేదు. గూళ్లు మూటలు కట్టి మదనపల్లె మార్కెట్టుకు పంపగానే మా ఆయన తూర్పు గది ఊడ్చి, ఆమెకు వాసన పడదని పంట తర్వాత గదికి కొట్టే మందు కూడా కొట్టకుండా, తల్లిని చేతుల మీద ఎత్తుకుపోయి అక్కడ పడుకోబెట్టాడు. కుప్పం దాకా బస్సులో కూర్చునే సత్తువ అప్పటికి ఆమెలో లేదు.

ఆమె పక్కనున్న గోడ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచింది.

"వెచ్చగా ఉండాదే," అంది. "పురుగులు బాగనే బతికినాయి ఈడ."

ముసురు ఇంకా వదలకముందే ఆమె పోయింది. కట్టిన మూట విప్పి అందులోని చీరే కప్పాము.

ఎండాకాలం వచ్చింది. పడమటి గోడ మీద తెల్లగా ఉప్పు పూసింది, రాలింది. ఉగాది దాటినాక ఎక్కడ చెయ్యి పెట్టినా పొడిగా తగిలింది. ముక్క వాసన పోయింది. అత్త మంచం రాళ్ల మీద అట్లాగే ఉంది. మా ఆయన గోడను తట్టి చూసి, కిటికీ వైపు చూసి, గది కొలతలు మనసులో లెక్కేసుకుంటున్నట్టు నిలబడ్డాడు.

"బాగా ఆరిపోయిందే. వచ్చే పంటకు ఈడ కూడా తట్టలు పెట్టుకోవచ్చు," అన్నాడు.

నడిమింట్లోని నా చాప, దిండు తెచ్చి ఆ మంచం మీద వేసుకున్నాను. ఆయన బయటికి పోయాడు. మదనపల్లెకు వచ్చేదాకా ఆ గదిలో నేనే పడుకున్నాను.