రెండు గడుల్లో ఒకే సంతకం

మా వైద్య కళాశాలలో అవయవాల నమూనాలు చేసే మనిషిని అందరూ ప్లాస్టర్ బాబాయి అంటారు. గుండె చేయమంటే నాలుగు రోజుల్లో చేసి పడేసేవాడు. కాలేయమైతే మాత్రం నెల పట్టేది. మూసలో ప్లాస్టర్ పోసి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, దాని ఎనిమిది భాగాలూ విడివిడిగా ఊడివచ్చేలా పిన్నులు బిగించేవాడు.

చదువుకునే రోజుల్లో నేను పాఠం మా ప్రొఫెసర్ దగ్గర విన్నాను, బాబాయి దగ్గర నేర్చుకున్నాను.

"కుడివైపు పక్కటెముకల చాటున ఉంటుందమ్మా. కిలోన్నర బరువు. ఈ ఎర్ర గొట్టంలో గుండె నుంచి రక్తం వస్తుంది, ఈ నీలం గొట్టంలో పేగుల నుంచి. తిన్నదాని సారం ముందు ఇక్కడికే రావాలి. చక్కెర ఎక్కువైతే దాస్తుంది, తక్కువైతే తీసిస్తుంది. విషాన్ని విరగ్గొడుతుంది. గాయమైతే రక్తం గడ్డకట్టడానికి కావలసిన సరుకు తయారుచేస్తుంది. పైత్యరసం చేసి ఈ పచ్చ సంచిలో దాస్తుంది. ఇంత చాకిరీ చేసీ నోరెత్తదు, నాలాగే!"

ఆ చివరి మాటకు మేమంతా పగలబడి నవ్వేవాళ్ళం. భార్య పోయి, పిల్లలు లేక, ఆయన ఒక్కడే ఉంటాడని తెలిసి కూడా నవ్వేవాళ్ళం. తర్వాత నాకు అక్కడే పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. రోజూ ఆయన గది ముందు ఆగి "బాగున్నావా బాబాయ్" అనేదాన్ని, జవాబు వినకుండానే వెళ్ళిపోయేదాన్ని. తలుచుకుంటే ఇప్పుడు కూడా నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఆ గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. ఎవరైనా వస్తే అది వాళ్ళకిచ్చి తను నిలబడేవాడు.

ఆయన్ని పెంచిన అక్కకు కాలేయం గట్టిపడి పాడైపోయింది. ఎవరైనా తమ కాలేయంలో కుడి భాగం కోసి ఇస్తే తప్ప బతకదన్నారు. కొడుకుల రక్తం సరిపోలేదు, బాబాయిది సరిపోయింది. ఆ కబురు వచ్చిన రోజు ఆయన కాలేజీ అంతా తిరిగి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాడు. వారం తిరక్కుండా ఆసుపత్రి కాగితం ఒకటి పట్టుకుని, మొహం వేలాడేసుకుని నా దగ్గరికొచ్చాడు.

"నర్సమ్మ తిప్పి పంపేసిందమ్మా."

అందులో 'దాత' అన్న గడిలో ఆయన సంతకం ఉంది. 'ఆపరేషన్ తర్వాత దాత దగ్గర ఉండేవారు' అన్న గడిలోనూ ఆయన సంతకమే ఉంది.

"ఇదేంటి బాబాయ్?"

"మన నమూనాల రిజిస్టర్‌లో అంతేగా. చేసినవాడు ఒక గడి, సరిచూసినవాడు ఒక గడి. ఇరవై ఏళ్ళుగా రెండూ నేనే. చెయ్యి అలవాటుకొద్దీ పోయింది."

"మీ అక్కావాళ్ళలో ఎవరూ లేరా?"

"వాళ్ళంతా అక్క దగ్గరుండాలి కదా. ఎల్లుండిలోగా పేరు ఇవ్వకపోతే ఆపరేషన్ వాయిదా వేసేస్తారంట. అక్క అన్నాళ్ళు ఆగలేదు." కాసేపు నసిగి అడిగాడు, "డబ్బిస్తే వచ్చి కూర్చునే మనిషి ఎవరైనా తెలుసా అమ్మా?"

నన్ను రమ్మని అడగొచ్చని కూడా ఆయనకు తోచలేదు. కాగితం లాక్కుని నా పేరు రాశాను. 'బంధుత్వం' అన్నచోట ఏం రాయాలో తెలియక 'శిష్యురాలు' అని రాశాను.

ఆపరేషన్ పొద్దున మొదలై సాయంత్రానికి ముగిసింది. మెలకువ రాగానే బాబాయి అడిగింది తన సంగతి కాదు.

"అక్కకి పైత్యం ఊరుతోందా?"

"ఊరుతోంది, బంగారు రంగులో."

"అయితే పనిలో పడిందన్నమాట," అని మళ్ళీ నిద్రపోయాడు.

తొమ్మిది రోజులు పక్కనే ఉన్నాను. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నాకు పని అప్పజెప్పాడు: రోజూ సాయంత్రం ఫోన్ చేసి తిన్నాడా, మందులు వేసుకున్నాడా, జ్వరం ఉందా అని కనుక్కోవాలి. ఫోన్ మోగడమే ఆలస్యం, ఎత్తేసేవాడు. తిన్నాను అని ఒక్క మాటతో సరిపోయేదానికి ఏం వండాడో, ఉప్పు ఎంత పడిందో కూడా చెప్పేవాడు.

మూడు నెలలకు స్కాన్ తీశారు. మిగిలిన ముక్క పెరిగి దాదాపు పాత పరిమాణానికి వచ్చింది. రూపం మాత్రం పాతది కాదు. అక్క కూడా లేచి నడుస్తోంది.

"భేష్! ఇక మీరు మామూలు మనిషే. మీ శిష్యురాలికి కూడా సెలవు ఇచ్చేయొచ్చు," అన్నాడు డాక్టరు.

బాబాయి కుర్చీలోంచి లేవలేదు.

"ఇంకో నెల చూస్తే మంచిదేమో సార్."

"ఎందుకు? ఎక్కడైనా నొప్పిగా ఉందా?"

"నొప్పేం లేదు సార్," అని నా వైపు చూడకుండా అన్నాడు. "మరి ఆ ఫోను కూడా ఇవాళ్టితో ఆపేయాలా?"